ఉప్పు తెలియని నాలుక: ఒక వంట మాస్టర్ జ్ఞానదంతం కేసు

పేషెంట్ అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వృత్తి మాత్రం మార్చలేదు. అది మారిస్తే ఈ కేసులో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఆయన పెళ్ళిళ్ళకి వంట చేసే మాస్టర్. వయసు 31. ఉండేది సైదాబాద్‌లో, మా క్లినిక్ మలక్‌పేటలో. మే నెలాఖరులో ఓ మధ్యాహ్నం ఫంక్షన్ హాల్ నుంచి నేరుగా వచ్చేశారు. చొక్కా నిండా వేయించిన ఉల్లిపాయ వాసన, ఎడమ చెంపకి అదిమిపెట్టుకున్న తడి కర్చీఫ్. వెంట వాళ్ళ అమ్మగారు. మాట్లాడాల్సిందంతా ఆవిడే మాట్లాడారు, ఆయనకి నోరు తెరుచుకోవడం లేదు మరి.

"నాలుగు దినాల సంది గంజి మీదనే ఉన్నడు బిడ్డా. పొద్దంత మంట కాడ నిలబడుడు, ఏం తినకపోతె ఎట్ల?"

స్కేలు పెట్టి కొలిస్తే పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య 20 మిల్లీమీటర్లు వచ్చింది. పెద్దవాళ్ళకి మామూలుగా 40 దాకా తెరుచుకుంటుంది, ఎవరి మూడు వేళ్ళు వాళ్ళ నోట్లో నిలువుగా పట్టాలి. ఆయనకి ఒక వేలు పట్టింది, రెండోది కష్టం మీద. ఎడమ దవడ కింద బిళ్ళ కట్టింది, నొక్కితే నొప్పి. జ్వరం 100 దాటింది. మింగగలుగుతున్నారా, ఊపిరి బాగానే ఆడుతోందా, నాలుక కింద గట్టిపడిందా, గొంతు వైపు వాపు ఉందా అని ముందు చూసుకున్నాను. ఏ ఇబ్బందీ లేదు. ఉండి ఉంటే కుర్చీలో కూర్చోబెట్టకుండా పెద్దాసుపత్రికి పంపేసేవాణ్ణి. కింది జ్ఞానదంతం దగ్గర పుట్టిన చీము మెడలోకి పాకితే గాలి దారి మూసుకుపోవచ్చు. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు ఆ జబ్బుని వర్ణించాడు, ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తున్నాం.

మన ఊళ్ళో నోరు తెరుచుకోకపోతే ఇంకో కారణం కూడా వెతకాలి. గుట్కా, వక్క నమిలేవాళ్ళకి బుగ్గ లోపలి పొర తెల్లబారి తోలులా బిగుసుకుపోతుంది. ఆయన ఎప్పుడైనా ఓ మీఠా పాన్ తప్ప ఏ అలవాటూ లేదన్నారు. ఈ జవాబుని నేను ఎవరు చెప్పినా పూర్తిగా నమ్మను, అందుకని వేలితో తడిమి చూశాను. బుగ్గలు మెత్తగా, ఎర్రగానే ఉన్నాయి. అంటే తంటా అంతా వెనక పన్నుదే.

ఎడమ కింది జ్ఞానదంతం. మా లెక్కలో దాని నంబర్ 38. సగం బయటికొచ్చి, ముందున్న 37 మీదికి ఒరిగి ఆగిపోయింది. రాని సగం మీద చిగురు టోపీలా కప్పుకుని ఉంది. ఆ టోపీ కిందికి మెతుకులూ మసాలా వెళ్తాయి, బ్రష్ వెళ్ళదు. పైగా, ఎదురుగా ఉన్న పై జ్ఞానదంతం ఆ వాచిన చిగురునే నమిలినప్పుడల్లా కొరుకుతోంది, గాట్లు కనిపిస్తూనే ఉన్నాయి. దీన్ని పెరికొరోనైటిస్ అంటాం.

పదకొండు నెలల్లో ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ మెడికల్ షాపులో "పన్ను నొప్పికి గోలీలు" అని అడిగి తెచ్చుకున్నారు. చీటీలు లేవుగానీ ఖాళీ స్ట్రిప్పులు అమ్మగారి చేతిసంచిలో భద్రంగా ఉన్నాయి. అమాక్సిసిలిన్ రెండు, డైక్లోఫెనాక్ ఒకటి. సలుపు తగ్గగానే మూడో రోజుకి ఆపేశారట. చిగురు కింద మురికి అలాగే ఉంటే ఎంత మంచి యాంటీబయాటిక్ అయినా జబ్బుని వాయిదా వేస్తుంది, అంతే. ఈ వాయిదాల మధ్యలో ముందు పన్ను వెనక గోడ చప్పుడు లేకుండా పుచ్చుతూ వచ్చింది. జ్ఞానదంతం కథల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. పోతే పోయింది అనుకునే పన్ను, జీవితాంతం నమలడానికి పనికొచ్చే పన్నుని తినేస్తుంది.

ఆ రోజు చేసింది కొంచెమే. మొండి సూది ఉన్న సిరంజితో చిగురు కింద సెలైన్, క్లోర్‌హెక్సిడిన్ పెట్టి కడిగాను. మొదటి రెండు సిరంజిలకీ చీముతో చిక్కగా, నాలుగో దానికి తేటగా వచ్చింది. జ్వరం, బిళ్ళ, బిగిసిన దవడ మూడూ ఉన్నాయి కాబట్టి ఈసారి యాంటీబయాటిక్ అవసరమే. మెట్రోనిడజోల్ 400, రోజుకి మూడు, ఐదు రోజులు. నొప్పికి ఐబుప్రోఫెన్, పారాసెటమాల్. ఈ గోలీలు వాడినన్నాళ్ళూ మందు ముట్టుకోవద్దన్నాను.

అంత నొప్పిలోనూ పళ్ళ సందులోంచి అడిగారు. "కల్లు గూడ మందేనా సార్?"

"మందే."

ఐదో రోజుకి నోరు 36 దాకా తెరుచుకుంది. అప్పుడు పై జ్ఞానదంతం తీసేశాను. చిగురుని కొరుకుతున్నది అదే, దానికి వేరే పనేం లేదు, మామూలు ఎక్స్‌ట్రాక్షన్‌లో ఐదు నిమిషాల్లో వచ్చేసింది. తీయబోయే ముందు అమ్మగారికి టెన్షన్ పట్టుకుంది. పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయని ఆవిడకి ఎవరో చెప్పారట. వారానికి ఒక్కరైనా నన్నడిగే ప్రశ్న ఇది. పంటికి నొప్పి చేరవేసేది ఐదో నరం, చూపు మోసేది రెండో నరం, రెండింటి దారులూ వేరు. పన్ను నొప్పి కణతకీ కంటి చుట్టూ కూడా లాగుతుంది కాబట్టి ఈ భయం పుట్టి ఉంటుంది. ఆవిడ తల ఊపారు, కానీ తీసిన తర్వాత కొడుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎదురు షాపు బోర్డు చదివించారు.

ఫిల్మ్

ఓపీజీలో, అంటే రెండు దవడలూ ఒకే ఫిల్మ్‌లో కనిపించే ఎక్స్-రేలో, 38 ముందుకి ఒరిగి ఉంది. వింటర్ 1926లో చేసిన వర్గీకరణ ప్రకారం మీసియో యాంగులర్ అంటాం, మేం ఎక్కువగా చూసే రకం ఇదే. పంటి వేళ్ళ దగ్గరే చిక్కు. కింది దవడ ఎముకలో ఒక సన్నటి సొరంగం ఉంటుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరం అందులో నడుస్తుంది. ఓపీజీలో ఆ సొరంగానికి రెండు తెల్లటి గీతలు అంచుల్లా కనిపిస్తాయి. ఈయనకి పై గీత వేళ్ళ దగ్గరికొచ్చి మాయమైంది, అక్కడ వేళ్ళు నల్లబడి ఉన్నాయి. ఏ గుర్తులు కనిపిస్తే నరం ప్రమాదంలో ఉన్నట్టో రూడ్, షెహాబ్ 1990లో రాసి పెట్టారు, వాటిలో ఈ రెండూ ఉన్నాయి.

సీబీసీటీ, అంటే దవడని త్రీ-డీలో చూపించే స్కాన్, తీయించాం. మూడు కోణాల్లోనూ చూస్తే సొరంగం వేళ్ళకి నాలుక వైపున ఆనుకుని పోతోంది. వేరు మీద దాని గాడి పడి ఉంది, మధ్యలో ఎముక పొర లేదు. పన్ను మొత్తం పీకితే, వేళ్ళు కదిలేటప్పుడు నరం నలగొచ్చు.

నొప్పి లేని, జబ్బు లేని జ్ఞానదంతాన్ని ముందు జాగ్రత్త పేరుతో తీయొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2000లోనే చెప్పింది. ఆ మాటని నేను చాలావరకు పాటిస్తాను. ఈ కేసులో ఆ ప్రశ్నే లేదు. మూడుసార్లు చీము పట్టింది, ముందు పన్ను పుచ్చింది. తీయాలి. ఎలా తీయాలన్నదే ఆలోచించాల్సింది.

దీనికి ఒక మధ్య దారి ఉంది. 1984లో ఇద్దరు ఫ్రెంచ్ వైద్యులు వర్ణించిన పద్ధతి, కొరోనెక్టమీ. పన్ను పైభాగం మాత్రం కోసి తీసేసి, నరాన్ని ఆనుకుని ఉన్న వేళ్ళని కదపకుండా ఎముకలోనే వదిలేస్తాం. పన్నే పుచ్చి ఉన్నా, వదులుగా ఉన్నా, వేళ్ళ చుట్టూ జబ్బు ఉన్నా ఇది పనికిరాదు. ఈయన 38 గట్టిగానే ఉంది, పుచ్చలేదు. వదిలేసిన వేళ్ళు తర్వాత నెలల్లో కొద్దికొద్దిగా పైకి జరిగి నరానికి దూరమవుతాయి. కొద్దిమందికి వాటిని మళ్ళీ తీయాల్సి వస్తుంది. అప్పటికి నరం దూరంగా ఉంటుంది కాబట్టి పని తేలిక.

నాలుక సంగతి

ఆపరేషన్‌కి ముందు రిస్కులు వివరించేటప్పుడు మామూలుగా నేను పెదవి గురించే ఎక్కువ చెప్తాను. "కింది పెదవి కొన్నాళ్ళు మొద్దుబారొచ్చు, అరుదుగా అలాగే ఉండిపోవచ్చు" అని. నాలుక గురించి ఒక వాక్యం. ఈయనతో ఆ వాక్యం దగ్గర ఆగాల్సొచ్చింది.

నాలుక ముందు భాగానికి స్పర్శ ఇచ్చే నరం సరిగ్గా కింది జ్ఞానదంతానికి లోపలి వైపున, చిగురు కిందే పోతుంది. రుచిని మోసే తీగ మరో నరానిది. చెవిలో కర్ణభేరి పక్క నుంచి దిగి వచ్చి, ఈ నరంతో కలిసి నాలుకకి చేరుతుంది. కొందరిలో ఈ నరం ఎముక అంచుతో సమానంగా, ఇంకా పైకి కూడా ఉంటుంది. ఎవరిలో ఎక్కడుందో ఓపీజీలో కనబడదు, సీబీసీటీలోనూ కనబడదు. అక్కడ ఎముక సొరంగం లేదు, ఉన్నదంతా మెత్తటి కండ.

అదే చెప్పాను. శాశ్వతంగా దెబ్బతినేది వందలో ఒకరికి లోపేనని, కొరోనెక్టమీ కాపాడేది పెదవి నరాన్నే గానీ నాలుకకి దానివల్ల ప్రత్యేకమైన రక్షణ లేదని.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది ఇది. "మొత్తం నాలుకనా, ఎడమ దిక్కేనా?"

ఎడమ వైపేనన్నాను. అప్పుడు ఆయన ఎడమ అరచేతిని దొప్పలా పట్టి, గరిటెతో అందులో ఏదో పోసుకున్నట్టు చేసి, తల కొంచెం పక్కకి వంచి నాలుకతో తాకి చూపించారు. నాలుక కొస ఎడమ అంచు తగిలింది. బిర్యానీకి బియ్యం వేసే ముందు ఎసరులో ఉప్పు అలా చూస్తారట. నోటికి ఉప్పగా అనిపిస్తే చాలదు, కాస్త ఎక్కువైందే అనిపించాలి, అప్పుడే అన్నానికి సరిపోతుంది. "బియ్యం ఏసినంక మల్ల ఉప్పు ఏసేది లేదు సార్. ఐదు వందల మంది తింటరు. అప్పుడు చూసిందే లెక్క."

పదిహేనేళ్ళుగా కన్సెంట్ ఫారాల మీద సంతకాలు తీసుకుంటున్నాను. నాలుకలో ఏ వైపుతో పని చేస్తారో ఒక మనిషి నాకు చూపించడం అదే మొదలు.

అన్నీ విని ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. ఆషాఢంలో చేయాలి, ఆ నెలలో పెళ్ళిళ్ళుండవు. శ్రావణం మొదటి ముహూర్తానికి మనిషి పనిలో ఉండాలి. ఖర్చు గురించి కూడా మాట్లాడుకున్నాం. భారమైతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉందని చెప్పాను, నేను ఎవరికైనా చెప్తాను. ఇంటికి దగ్గరని ఇక్కడే చేయించుకుంటామన్నారు.

ఆపరేషన్

జూలై మొదటి వారం. బీపీ 136/84, షుగర్ లేదు. "మొత్తం మత్తిచ్చి పడుకోబెట్టరాదు సార్?" అని అడిగారు. ఈ పనికి అవసరం లేదన్నాను. ఈ ఊరికి మత్తుమందుతో పాత సంబంధమే ఉంది. క్లోరోఫాం సురక్షితమా కాదా అని తేల్చడానికి నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888లో, 1889లో ఇక్కడ రెండు కమిషన్లు కూర్చున్నాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. క్లోరోఫాం గుండెని నేరుగా ఆపదు, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలని ఆయన గట్టిగా తేల్చి చెప్పాడు. అది తప్పని తర్వాతి కాలంలో రుజువైంది. నాకు ఈ కథ చెప్పడం ఇష్టం. ఆ రోజు కూడా సిరంజి నింపుతూ చెప్పాను, పేషెంట్ ధ్యాస మళ్ళుతుందని.

2% లిగ్నోకెయిన్, 1:80,000 అడ్రినలిన్. దవడ లోపలి వైపు, నరం ఎముకలోకి దిగే చోట ఇచ్చే బ్లాక్, అంటే ఆ వైపు కింది దవడని మొద్దుబార్చే సూది. సూది లోపలికి వెళ్తుండగా ఆయన ఒక్కసారి ఎగిరిపడ్డారు, ఎడమ చెయ్యి పైకి లేచింది. "నాలుకల కరెంటు కొట్టింది!"

ఇది జరుగుతుంది. సూది మొన నరాన్ని తాకిందని దానర్థం. చాలామందికి తర్వాత ఏమీ కాదు కూడా. రెండు మిల్లీమీటర్లు వెనక్కి లాగి, రక్తం రావట్లేదని చూసుకుని, నెమ్మదిగా మందు ఎక్కించాను. నోరు మాత్రం అలవాటుగా "ఏం కాదు, ఏం కాదు" అంటోంది.

మిగతాది పుస్తకంలో ఉన్నట్టే నడిచింది. చిగురు కోసి బయటి వైపు మాత్రమే తెరిచాను. పన్ను చుట్టూ బయటి వైపు ఎముకని బర్‌తో, అంటే గిర్రున తిరిగే డ్రిల్ మొనతో, గాడిలా తీశాం. అసిస్టెంట్ సెలైన్ పోస్తూనే ఉంది. బర్ వేడికి ఎముక మాడితే మానదు. పన్ను మెడ దగ్గర ఏటవాలుగా మూడొంతులు కోసి, మిగిలింది ఎలివేటర్ అనే మీట లాంటి పరికరంతో మెలితిప్పితే పైభాగం 'టక్' మని విడిపోయింది. చివరి వంతు కూడా బర్‌తో కోస్తే అవతల ఉన్నది నాలుక నరం, అందుకే ఆపుతాం. వేళ్ళు కదల్లేదు. కదిలి ఉంటే వదలడానికి లేదు, మొత్తం తీయాల్సిందే.

నాలుక వైపు అంచున ఎనామిల్ ముక్క ఒకటి మిగిలింది. ఎనామిల్ మీద ఎముక మూసుకోదు, అది ఉంటే గాయం మానదు. దాన్ని అరగదీయడానికి నాలుక వైపు చిగురు కిందికి ఒక చదునైన పరికరం పెట్టి, బర్ తగలకుండా అడ్డం పట్టుకున్నాను. రెండు నిమిషాలు, మహా అయితే మూడు. వేళ్ళ తల ఎముక అంచుకి 3 మిల్లీమీటర్లు కిందికి దిగేదాకా తీసి, కడిగి, కరిగిపోయే దారంతో మూడు కుట్లు వేసి చిగురు పూర్తిగా మూసేశాను. మొత్తం 50 నిమిషాలు. వాపుకి డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాములు.

దూదిని గంటసేపు కరిచిపట్టుకోవడం, ఆ రోజు ఉమ్మకుండా ఉండటం, స్ట్రాతో పీల్చకపోవడం, మొదటి రోజు ఐస్, రెండో రోజు నుంచి గోరువెచ్చని ఉప్పు నీళ్ళు. తిండికి చల్లటి రాగి జావ, మజ్జిగ, మెత్తగా పిసికిన పప్పన్నం. వేడి చాయ్ రెండు రోజులు వద్దంటే మాత్రం నేనేదో అన్యాయం చేసినట్టు చూశారు. పొగ అలవాటు లేకపోవడం మేలైంది. పొగ పీల్చేవాళ్ళలో గుంటలో రక్తపు గడ్డ కరిగిపోయి ఎముక బయటపడటం, మూడో రోజుకి చెవిదాకా పొడిచే నొప్పి రావడం ఎక్కువ.

మర్నాడు

ఉదయం తొమ్మిదింటికి ఫోన్. "సార్, మూతి మంచిగనే ఉంది. నాలుకనే ఇంక రాలె."

లిగ్నోకెయిన్ మొద్దు మూడు నాలుగు గంటలు, మహా అయితే ఐదు. అప్పటికి 21 గంటలైంది. వెంటనే రమ్మన్నాను.

ఇలాంటప్పుడు 'కొంచెం మొద్దుగా ఉంది' అని రాసుకుంటే చాలదు. కళ్ళు మూయించి దూది పోగుతో తాకాను. కుడివైపు ప్రతిసారీ చెయ్యెత్తారు, ఎడమ వైపు పదికి ఒక్కసారి. రెండు మొనలున్న డివైడర్‌తో చూస్తే, కుడివైపు 4 మిల్లీమీటర్ల దూరంలోనే రెండు మొనలని చెప్పారు. ఎడమ వైపు 15 దాకా జరిపినా రెండని తెలియలేదు. తర్వాత రుచి. నాలుకని గాజుగుడ్డతో బయటికి పట్టుకుని, ఇయర్ బడ్‌ని ఉప్పు నీళ్ళలో ముంచి అంచు మీద రాయాలి. జవాబు నోటితో చెప్పకూడదు, నాలుక లోపలికి పోతే రుచి అవతలి వైపుకి పాకుతుంది. కాగితం మీద ఉప్పు, తీపి, పులుపు, చేదు, 'ఏమీ లేదు' అని రాసి వేలు పెట్టి చూపించమన్నాను. కుడివైపు రాయకముందే ఆయన వేలు ఉప్పు మీద సిద్ధంగా ఉంది. ఎడమ వైపు రాసి పది సెకన్లు ఆగాం. వేలు మెల్లగా జరిగి 'ఏమీ లేదు' మీద ఆగింది.

నాలుక బొమ్మ గీసి, మొద్దుగా ఉన్నంత మేర ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి, తేదీ వేశాను.

అనుమానితులు ముగ్గురు. కరెంటు కొట్టిన సూది. రెండు మూడు నిమిషాలు నేను అడ్డం పట్టిన పరికరం. నాలుక వైపు లోతుగా పడి ఉంటే కుట్టు. కుట్టు పైపైనే ఉంది, దాన్ని వదిలేశాను. మిగతా రెండింట్లో ఏదో నాకు ఇవాళ్టికీ తెలియదు. స్కాన్ తీసి, పన్ను సగం వదిలేసి, ఇంత తంటాలు పడి కాపాడిన పెదవి నరం చెక్కుచెదరలేదు. దెబ్బ తగిలింది స్కాన్‌లో కనబడని నరానికి.

ఆయన కోప్పడలేదు. "సూది గుచ్చినప్పుడు మీరు ఏం గాదన్నరు గద సార్" అన్నారు, అంతే.

ఆ రోజు కేస్ షీట్‌లో నేను 'బ్లాక్ సమయంలో నాలుకలో షాక్' అని రాసుకున్నాను. అంటే అది రాయదగ్గ విషయమని నాకు తెలుసు. ఆయనకి మాత్రం చెప్పలేదు. ఇంటికి పంపేటప్పుడు "సూది నరాన్ని తాకింది, రేపటికి నాలుక మొద్దుగానే ఉంటే భయపడకుండా ఫోన్ చేయండి" అని ఉంటే అర నిమిషం పట్టేది. రాత్రంతా ఆయన అద్దం ముందు నాలుక చాపుకుని కూర్చున్నారని వాళ్ళమ్మగారు తర్వాత చెప్పారు.

తిరిగి రావడం

నరం దెబ్బలు మూడు రకాలని సెడన్ 1943లో చెప్పాడు. నలిగి తాత్కాలికంగా పని ఆపేయడం, లోపలి తీగలు తెగినా పైతొడుగు మిగలడం, మొత్తం తెగిపోవడం. మొదటిది రోజుల నుంచి కొన్ని వారాల్లో బాగవుతుంది. రెండో దాంట్లో తీగలు రోజుకి ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరగాలి. మూడో దానికి నరం కుట్టే సర్జరీ కావాలి. మొదటి రోజు పరీక్షతో ఏ రకమో తేలదు. మూడు నెలలకి కూడా మార్పు లేకపోతే మైక్రోసర్జరీ చేసేవాళ్ళకి చూపించాలని ముందే చెప్పి, తేదీ రాసిచ్చాను. మిథైల్‌కోబాలమిన్ గోలీలు రాశాను. అవి నరాన్ని బాగుచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు, ఆ మాట చెప్పే రాశాను. ఏదో ఒకటి వేసుకుంటున్నామన్న ధైర్యం కోసం అడిగారు, హాని లేదు కాబట్టి కాదనలేదు.

ఐదో రోజున ఎడమ అంచున పుండుతో వచ్చారు. అన్నం తింటూ నాలుక కొరుక్కున్నారు, ఆ సంగతి పళ్ళెంలో రక్తం చూశాకే తెలిసిందట. ఇది నేను ముందే హెచ్చరించాల్సింది. వేడిదేదైనా కుడివైపు తగిలించి చూడమన్నాను.

రెండు వారాలకి చీమలు పాకినట్టు మొదలైంది. దవడ లోపలి వైపు వేలితో నొక్కితే నాలుక కొసకి జిల్లుమని పాకుతోంది. పేషెంట్‌కి అది చికాకు, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది, నరం బతికే ఉంది. ఆ నెలాఖరుకి లాల్ దర్వాజా బోనాలకి మటన్ నమల గలిగారు, రుచి సగమేనన్నారు. నాలుగో వారంలో డివైడర్ 9 మిల్లీమీటర్ల దగ్గర రెండు మొనలు తెలిశాయి. ఉప్పు ఇంకా లేదు.

37 పుచ్చుని అప్పుడే ఫిల్లింగ్ చేశాను. 38 అడ్డం పోయాక వెనక గోడ చక్కగా అందింది, చల్లదనం తగిలిస్తే పన్ను పలికింది, రూట్ కెనాల్ దాకా పోలేదు. మళ్ళీ బ్లాక్ ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. పన్ను పక్కన చిగురులో ఆర్టికెయిన్ అనే మొద్దుబార్చే మందు ఇచ్చి పని కానిచ్చాను.

శ్రావణం మొదటి పెళ్ళి ఆరో వారంలో పడింది. ఎసరు తమ్ముడు చూశాడట. కానీ మాస్టర్ ఇంకో సంగతి కనిపెట్టారు. "నాలుక కొసకు పెడితె తెలుస్తలేదు గని, ఒక గుక్క మింగితె తెలుస్తుంది సార్." నిజమే. నాలుక వెనక మూడో వంతు రుచి వేరే నరం మోస్తుంది, తొమ్మిదోది, దానికి ఏ దెబ్బా లేదు. కుడి సగం సరేసరి. పైగా కూర రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ పాలు వాసనదే. ముక్కు నిక్షేపంగా ఉంది. తమ్ముడు ఉప్పు సరిపోయిందన్నాక ఆయన ఓ గుక్క మింగి, ఇంకో పిడికెడు వేయించారట. ఎవరి మాట ఒప్పో నేనడగలేదు.

ఎనిమిదో వారంలో ఇయర్ బడ్ పెట్టాక రెండు మూడు సెకన్లు ఆగి ఉప్పు మీద వేలు పెట్టారు. మూడు నెలలకి 5 మిల్లీమీటర్లు, ఉప్పు, తీపి రెండూ వెంటనే. మైక్రోసర్జరీ తేదీ కొట్టేశాను. జనవరిలో, ఆరు నెలలకి, ఎడమ అంచున రూపాయి బిళ్ళ పాటి చోట మాత్రం స్పర్శ కాస్త పల్చగా ఉంది. అలాగే ఉండిపోవచ్చని చెప్పాను. ఓపీజీలో వదిలేసిన వేళ్ళు 2 మిల్లీమీటర్ల దాకా పైకి జరిగాయి, సొరంగం పై గీత మళ్ళీ కనబడుతోంది.

ఆ ఫిల్మ్‌ని లైట్ బాక్స్ మీద పెట్టి చూపిస్తుంటే ఆయన కుడివైపు వేలు పెట్టారు. అక్కడ 48 ఉంది, కుడి కింది జ్ఞానదంతం. నిటారుగా, పూర్తిగా ఎముక లోపలే. నోట్లోకి దారి లేదు, ముందు పన్నుకి ఏ హానీ లేదు.

"ఇది గూడ ఏమన్న జేస్తదా సార్?"

నోటి దాకా వచ్చిన మాట ఆపుకున్నాను. "ఇప్పటికైతే ఏమీ చేయట్లేదు. ముందు ముందు చేయదని చెప్పలేను. తీస్తే నరం సంగతి మీకు తెలిసిందే. అందుకని ముట్టుకోను, ఏడాదికోసారి ఫిల్మ్ తీసి చూద్దాం."

"ఎప్పుడు?"

ఫైలు అట్ట మీద 'ఆషాఢం' అని రాసిచ్చాను.